డీజిల్ ఆటో ఇచ్చేసి కరెంటు ఆటో తెచ్చుకున్నాను: విజయనగరంలో ఆగస్టు నుంచి జనవరి దాకా

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం మొదలైంది. ఆధారో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూపిస్తే చాలు, ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా సున్నా టికెట్టు. అప్పటికి నేను పన్నెండేళ్లుగా నెల్లిమర్ల లైనులో డీజిల్ ఆటో తిప్పుతున్నాను. నా బండి ఎక్కేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. కూరగాయల తట్టలతో వచ్చేవాళ్లు, బట్టల దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, ఆసుపత్రికి వచ్చే గర్భిణులు. కాసేపు ఆగితే బస్సు వస్తుంది, డబ్బులు పెట్టి ఆటో ఎందుకని వాళ్లు అనుకుంటే అందులో తప్పు పట్టడానికేముంది? మా ఇంట్లోనే ఇద్దరు ఆ టికెట్టు మీద తిరుగుతున్నారు. డిగ్రీ చదివే మా అమ్మాయికి బస్సు పాసు ఖర్చు తప్పింది. నా భార్య పుట్టింటికి వెళ్లాలంటే ఇదివరకులా నా జేబు వైపు చూడనక్కరలేదు. ఆ బస్సును నేను తిట్టలేను. కానీ వినాయక చవితి నాటికి నా రాబడి దాదాపు సగానికి పడిపోయిందన్నదీ నిజమే.

లైనులో ఖాళీగా నిలబడే ఆ రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. కాంప్లెక్సులో, అంటే మా ఆర్టీసీ బస్టాండులో, బస్సులు దిగే జనం బాగా పెరిగారు. దిగినవాళ్లు అక్కడితో ఆగిపోరు కదా. కాన్పుల కోసం ఘోషాసుపత్రికి వెళ్లాలి, గంటస్తంభం దగ్గర కొనుగోళ్లుంటాయి, కలెక్టరేట్‌లో పనులుంటాయి, కొందరు రైలు అందుకోవాలి. బస్సు నా దగ్గర లాక్కున్న మనుషులనే తెచ్చి కాంప్లెక్సు గుమ్మంలో దించుతోంది. వాళ్లకు ఇప్పుడు కావలసింది నెల్లిమర్ల దాకా తీసుకెళ్లే బండి కాదు, ఆ చివరి రెండు కిలోమీటర్లు దాటించే బండి. అయితే ఆ చిన్న బేరాలు డీజిల్ బండితో గిట్టవు. ఆగడం, మళ్లీ లాగడం, సిగ్నల్ దగ్గర ఇంజను కొట్టుకుంటూ నిలబడటం. అప్పట్లో లీటరు దాదాపు 97 రూపాయలు. లైనులో తిరిగినప్పుడే రోజుకు మూడు వందల నలభై దాకా డీజిలుకు పోయేది, ఊళ్లో తిరిగితే ఇంకా ఎక్కువ. కరెంటు ఆటో ఆలోచన అక్కడ పుట్టింది.

ఇంట్లో చెప్పగానే నా భార్య అడిగిన మొదటి ప్రశ్న, “తుపానుకు కరెంటు పోతే ఏం చేస్తారండీ?” ఈ జిల్లాలో ఉండేవాళ్లెవరైనా ఆ మాటే అడుగుతారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం. నా దగ్గర దానికి జవాబు లేదు. అంతటి తుపాను వస్తే ఏ బండీ రోడ్డు మీదకు రాదని మాత్రం చెప్పాను.

సెప్టెంబరు మొదటి వారంలో షోరూముకు వెళ్లాను. 9 కిలోవాట్ అవర్, అంటే 9 యూనిట్ల కరెంటు పట్టే బ్యాటరీ ఉన్న బండి, అన్నీ కలిపి రోడ్డు మీదకు వచ్చేసరికి 3 లక్షల 45 వేలు. అందులో కేంద్రం అప్పట్లో ఇచ్చిన పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీ ముందే తగ్గించి చూపించారు. చాలామంది ఆ డబ్బు తర్వాత మన ఖాతాలో పడుతుందని అనుకునేవారు. పడేది కాదు. బిల్లులోనే తగ్గేది. కిలోవాట్ అవర్‌కు 2,500 చొప్పున నా బండికి 22,500 తగ్గింది. 2024లో పథకం మొదలైన కొత్తలో కొన్నవాళ్లకు ఇది కిలోవాట్ అవర్‌కు 5,000 ఉండేది.

కొటేషన్ కాగితం ఇంటికి తెచ్చి మా అమ్మాయికిచ్చాను. అందులో రిజిస్ట్రేషన్ ఫీజని ఒక అంకె, ‘ఇతర ఖర్చులు’ అని ఇంకో అంకె ఉన్నాయి. బ్యాటరీ బండ్లకు రిజిస్ట్రేషన్ ఫీజు లేదని 2021 ఆగస్టులోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చిందని తను ఫోనులో వెతికి చూపించింది. మర్నాడు ఆ ఉత్తర్వు చూపిస్తే షోరూములో పెద్దగా వాదించలేదు, మొదటి అంకె కొట్టేశారు. రెండోదాన్ని తగ్గించారే కానీ పూర్తిగా తీయలేదు. మీరు కొనేటప్పుడు కొటేషన్‌లో ప్రతి వరుసా ఇది దేనికని అడగండి. అడిగితే తగ్గుతుంది.

ఇక అప్పు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా నలిపింది ఇదే. 5 లక్షల లోపు అప్పు, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర పథకంలో కిశోర్ తరగతి కింద వస్తుందని తెలిసి, నాకు ఖాతా ఉన్న బ్యాంకుకే దరఖాస్తు పెట్టాను. కొటేషన్, లైసెన్సు, పాత బండి కాగితాలు, ఆరు నెలల ఖాతా వివరాలు అన్నీ ఇచ్చాను. రెండు వారాలకు రమ్మన్నారు. వెళితే అద్దె ఒప్పందం కావాలన్నారు. తెచ్చాక ఫీల్డ్ ఆఫీసరు వచ్చి ఇల్లు చూడాలన్నారు. ఆయన రాకముందే బదిలీ అయిపోయాడు. కొత్తాయన ఫైలు మొదటినుంచీ చూడాలన్నాడు. వెళ్లిన ప్రతిసారీ ఒక పూట బేరం పోతుంది. కౌంటరు ముందు నిలబడి ఉంటే, నాది ఏమైనా దొంగ పని అన్నట్టు నాకే అనిపించేది. నేను దానం అడగడం లేదు. పన్నెండేళ్ల కిందట తీసుకున్న అప్పు ఒక్క వాయిదా తప్పకుండా తీర్చినవాణ్ణి. ఆ కాగితం కూడా ఫైల్లోనే ఉంది, ఎవరూ తిరగేసి చూడలేదు.

ఈలోగా సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిల్, గ్యాసు ఆటోల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు బండికి ముందునుంచీ 5 శాతమే కాబట్టి దాని ధరలో మార్పు లేదు. దాంతో స్టాండులో అందరూ గ్యాసు బండి తీసుకోమన్నారు. ఒక రాత్రంతా ఆలోచించాను. ధర తగ్గడం ఒక్కసారి జరిగేది, ఇంధనం ఖర్చు రోజూ ఉండేది. అనుకున్నదానికే కట్టుబడ్డాను.

అక్టోబరు 4న రాష్ట్ర ప్రభుత్వం ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద ఇచ్చిన 15,000 ఖాతాలో పడ్డాయి. వాటిని ముట్టుకోకుండా ముందు కట్టాల్సిన సొమ్ము కోసం పక్కన పెట్టాం. అదే నెల 7న మా ఊరి పైడితల్లమ్మ పండుగ, సిరిమానోత్సవం. ముందు రోజుతో కలిపి ఆ రెండు రోజులూ పాత బండి నిద్ర లేకుండా తిరిగింది. పండుగకు ఊరి నడుమ వాహనాలను రానివ్వరు కనుక బయటి జంక్షన్లనుంచి జనాన్ని అందినంత దగ్గరకు తెచ్చి దించడమే పని. పైడితల్లమ్మ దయవల్ల చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. నెల్లిమర్ల లైను దెబ్బ తిన్నాక మనసు కాస్త తేలికపడింది అప్పుడే.

బ్యాంకు మీద ఆశ వదిలేసి అక్టోబరు రెండో వారంలో ఒక ప్రైవేటు ఫైనాన్సుకు వెళ్లాను. రెండే రోజుల్లో సరే అన్నారు. 2 లక్షల 60 వేలు అప్పు, నాలుగేళ్లు, వడ్డీ 8 శాతమే అన్నారు. బ్యాంకు కన్నా తక్కువే కదా అని సంతోషపడ్డాం. వాయిదా 7,150 అని కాగితం మీద చూశాక మా అమ్మాయికి అనుమానం వచ్చింది. ఆ 8 శాతం నాలుగేళ్లూ మొత్తం అసలు మీదే వేస్తారు. నేను నెలనెలా అసలు తీరుస్తూ ఉన్నా వడ్డీ తగ్గదు. ఏడాదికి 20,800 చొప్పున నాలుగేళ్లకు 83,200. తీర్చేకొద్దీ తగ్గే పద్ధతిలో, అంటే బ్యాంకులు వేసే పద్ధతిలో చూస్తే ఇది 14 శాతం పైమాటే. ఈ ఒక్క సంగతి ఆటో తీసుకోబోయే ప్రతి ఒక్కరికీ తెలియాలి. వడ్డీ శాతం అడగకండి. మొత్తం మీద ఎంత కడతాను, వడ్డీ వాటా ఎంత అని రూపాయల్లో అడగండి. తెలిసి కూడా నేను సంతకం పెట్టాను, ఎందుకంటే అప్పటికి బ్యాంకు చేసిన ఆలస్యం నాకు అంతకన్నా ఖరీదుగా ఉంది. సంతకమయ్యాక కాగితాల ఖర్చని 6,500 అప్పులోనే కోసుకున్నారు. అంటే చేతికి రాని సొమ్ముకు కూడా వడ్డీ కడుతున్నాను. ఆ లోటు నా భార్య డ్వాక్రా సంఘంలో తీసుకున్న డబ్బుతో పూడింది.

మిగతాది పాత బండి అమ్మితేనే వస్తుంది. సాలూరు వైపు నుంచి ఒకాయన వచ్చి 55 వేలకు అడిగాడు. పాత ఫైనాన్సు తీరిన ధ్రువపత్రం, 29, 30 నంబరు ఫారాలు, ఫిట్‌నెస్ కాగితం చూసుకున్నాడు. పేరు మారేదాకా బండి మీద ఏ కేసు వచ్చినా నాకే వస్తుంది కాబట్టి, బదిలీ పని ఆయన చూసుకుంటానన్నా నేనే దగ్గరుండి చేయించాను. వారం పట్టింది. అది ఏపీ 35 నంబరు బండి, మన జిల్లా నంబరు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే వరుస కాబట్టి ఆ నంబరు మళ్లీ రాదు. మా అమ్మాయిని బడిలో చేర్చిన రోజు ఆ బండిలోనే తీసుకెళ్లాను. మా నాన్నను చివరిసారి ఆసుపత్రికి చేర్చింది కూడా అందులోనే. దీపావళికి రెండు రోజుల ముందు అది వెళ్లిపోతుంటే మా అమ్మ బయటకు రాలేదు.

కొత్త బండికి అక్కడినుంచి మూడు వారాలకు పైగా పట్టింది. ఆ రోజుల్లో అద్దె ఆటో తీసుకున్నాను. దాని అద్దె, డీజిలు పోగా మిగిలింది బియ్యానికీ కూరకూ సరిపోయింది. అక్టోబరు చివరలో మొంథా తుపాను వర్షాలకు అదీ లేదు. ఇంట్లో కూర్చుని వాన చూస్తూ, పాతది పోయింది, కొత్తది రాలేదు, అప్పు మాత్రం మొదలైంది అనుకుంటే గుండె గట్టిగా కొట్టుకునేది. ఎవరైనా ఈ దారిలో వస్తే ఆ ఖాళీ రోజులకు ఇంటి ఖర్చు ముందే దాచుకోవాలి.

నవంబరు రెండో వారంలో ఫోను వచ్చింది. సబ్సిడీ కోసం ఆధార్‌తో ముఖం సరిపోల్చే పని ఉండేది. షోరూము లోపల వెలుతురు చాలక ఆప్ ఒప్పుకోలేదు. బయట ఎండలో నిలబెట్టి తీస్తే పట్టింది. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు పని చేస్తూ ఉండాలన్నారు, సబ్సిడీ వోచరు ఆ నంబరుకే వచ్చింది. దాని మీద నేను సంతకం పెట్టాను, బండి పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను. నంబరు ప్లేటుతో సహా బండి చేతికి రావడానికి మరో వారం.

ప్లేటు ఆకుపచ్చ, అక్షరాలు పసుపు. కిరాయికి తిరిగే కరెంటు బండికి అలాగే ఉంటుంది. సొంతానికి వాడే కరెంటు కార్లకు అదే ఆకుపచ్చ మీద తెల్లక్షరాలు. ఇక పర్మిట్టు అక్కరలేదు. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 అక్టోబరులోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఫిట్‌నెస్, బీమా, డ్రైవింగ్ లైసెన్సు మాత్రం అందరిలాగే ఉండాలి. మొదట్లో ఒక తనిఖీలో పర్మిట్టు చూపించమన్నారు. ఫోనులో ఉన్న ఉత్తర్వు చూపిస్తే చదివి పంపించారు. ఆ కాగితం నకలు ఇప్పుడు బండిలోనే ఉంచుతున్నాను.

అసలు కష్టం బండి ఇంటికి వచ్చాక మొదలైంది. మేముండేది తోటపాలెంలో అద్దె వాటాలో. ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, మేము మాస్టారనే పిలుస్తాం. సెప్టెంబరులోనే ఆయన్ను అడిగాను, సరే అన్నారు. ఈలోగా ఎక్కడో బ్యాటరీ బండి కాలిపోయిన వీడియో ఆయనకు ఎవరో పంపారు.

“నాయనా, నీ మీద నమ్మకం లేక కాదు. మెట్ల కింద గ్యాసు బండలున్నాయి. రాత్రంతా చార్జింగ్ పెడితే నాకు నిద్ర పట్టదు,” అన్నారు.

“మాస్టారూ, ఇప్పుడు వద్దంటే నేనెక్కడికి పోను?” అన్నాను. ఆయన మాట్లాడలేదు.

పెద్దాయన భయం అబద్ధమని నేననను. కానీ 7,150 వాయిదా ఉన్న బండిని ఇంటి ముందు పెట్టుకుని చార్జింగ్ పెట్టుకోలేకపోవడం ఎంత నరకమో అనుభవించాను. పది రోజుల పాటు షోరూములోనే చార్జింగ్ పెట్టుకున్నాను. నాలుగు గంటలు పడుతుంది. రాత్రి అక్కడ వదిలి, నడిచి ఇంటికొచ్చి, తెల్లవారుజామున మళ్లీ నడిచి వెళ్లేవాణ్ణి. తెల్లవారి రైళ్ల బేరాలన్నీ పోయాయి.

చివరికి దారి చూపింది మా వీధి ఎలక్ట్రీషియన్. మాస్టారి సమక్షంలోనే పాత ప్లగ్గు వైరు పట్టుకుని చూపించాడు. అది ఇస్త్రీ పెట్టెకే వేడెక్కుతోంది, మూడు కిలోవాట్ల చార్జరుకు అసలు పనికిరాదు. ఆయన భయపడింది బ్యాటరీకి, నిజంగా భయపడాల్సింది ఆ వైరుకు. మీటరు నుంచి విడిగా మందపాటి కేబులు లాగి, 16 ఆంపియర్ల సాకెట్టు, లోడు మించితే ఆగిపోయేలా దానికో ఎంసీబీ స్విచ్చి, కరెంటు లీకైతే ఆగిపోయే ఇంకో స్విచ్చి పెట్టాడు. ఉప్పు, బొగ్గు వేసి కొత్తగా ఎర్తింగ్ గొయ్యి తవ్వాడు. మెట్లకు దూరంగా, ప్రహరీ గోడ పక్కన కొబ్బరి చెట్టు దగ్గర బండికి చోటు చూపించాడు. కూలీతో సహా 6,800 అయింది, నేనే పెట్టుకున్నాను. ఇంటికి మంజూరైన లోడు ఒక కిలోవాటే కాబట్టి దాన్ని పెంచాలి. మీటరు మాస్టారి పేరు మీద ఉంది, ఆయన సంతకం లేనిదే దరఖాస్తు కదలదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి పంక్తీ చదివి సంతకం పెట్టారు. ఇల్లు ఖాళీ చేసినా ఆ వైరింగు తీసుకెళ్లనని నాచేత రాయించుకున్నారు. అదీ న్యాయమే.

ఇంటి కనెక్షన్‌తోనే సొంత బండికి చార్జింగ్ పెట్టుకోవచ్చని 2022 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. విడిగా చార్జింగ్ మీటరు తీసుకుంటే అప్పట్లో యూనిట్ 6 రూపాయల 70 పైసలు. మేము ఇంటి మీటరుతోనే కానిస్తున్నాం. అయితే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు సంగతి తెలుసుకోవాలి. మా ఇంటికి ఇదివరకు నెలకు నూట పది యూనిట్ల దాకా కాలేది, నాలుగు వందల చిల్లర బిల్లు. ఇప్పుడు బండితో కలిపి మూడు వందలు దాటుతోంది. అప్పటి ధరల్లో 125 దాటాక యూనిట్ 6 రూపాయలు, 225 దాటాక 8.75. డిసెంబరు వాడకానికి జనవరిలో వచ్చిన బిల్లు దాదాపు 1,900. చూసి మా అమ్మ కంగారుపడింది. అదే నెలకు డీజిలైతే ఎనిమిదిన్నర వేలు దాటేదని చెప్పాక కుదుటపడింది. తేడా ఏడు వేలు, అంటే ఇంచుమించు నా వాయిదా. నాలుగేళ్లు డీజిలు డబ్బే వాయిదాకు పోతుంది. అప్పు తీరాకే అది నాది.

నెల్లిమర్ల స్టాండు వదిలి కాంప్లెక్సు దగ్గరకు రావడం కూడా ఊరికే కాలేదు. ఒక స్టాండు బండి ఇంకో స్టాండులో సీరియల్‌లో నిలబడటానికి ఒప్పుకోరు. ఉన్న బేరాలే చాలడం లేదని అక్కడివాళ్ల బాధ. పెద్దవాళ్లిద్దరు మాట్లాడి, సభ్యత్వం కట్టించుకుని, మొదటి నెల మధ్యాహ్నాలే నిలబడాలని షరతు పెట్టి చేర్చుకున్నారు. నేను వాళ్ల స్థానంలో ఉన్నా అలాగే అనేవాణ్ణి.

బండి నడకకు వస్తే, ఒకసారి చార్జింగ్ పెడితే నూట డెబ్బై కిలోమీటర్లు అని చెప్పారు. నాకు వస్తున్నది నూట పది, నూట పదిహేను. ఎత్తు బ్రిడ్జి నాలుగుసార్లు ఎక్కిన రోజు ఇంకా తగ్గుతుంది. ముగ్గురికి మించి ఎక్కిస్తే మీటరు మీద అంకె కళ్లముందే పడిపోతుంది. అందుకని మించి ఎక్కించడం లేదు, ఎవరు బతిమాలినా సరే. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు గంటసేపు పెట్టుకుంటే సాయంత్రానికి దిగులుండదు. వెనక నుంచి చప్పుడు రాకపోవడంతో గంటస్తంభం దగ్గర సందుల్లో జనం పక్కకు జరగరు. మొదటి వారం ప్రతి మలుపులోనూ హారన్ కొట్టి, అరిచి గొంతు పోయినంత పనైంది. ఇప్పుడు వేగమే తగ్గించాను.

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఒకటుంది. ఘోషాసుపత్రికి తొమ్మిదో నెల అమ్మాయిని తల్లి తీసుకెళుతోంది. దిగాక ఆ తల్లి, “బాబూ, కుదుపు తెలియలేదు, రేపు కూడా నువ్వే రా,” అని ఫోను నంబరు తీసుకుంది. వాళ్లు బొండపల్లి నుంచి ఉచిత బస్సులో వచ్చినవాళ్లు. నా ఒంటికి కూడా తేడా తెలుస్తోంది. డీజిల్ బండి దిగాక రాత్రి అన్నం కలిపేటప్పుడు కూడా చేతులు వణికేవి. ఆ వణుకు పోయింది.

మా కాంప్లెక్సు స్టాండులో మరో ముగ్గురు కరెంటు బండికి సిద్ధంగా ఉన్నారు. ముగ్గురూ అద్దె ఇళ్లవాళ్లే, ఇద్దరి యజమానులు ప్లగ్గు ఇవ్వబోమని తేల్చి చెప్పారు. వాళ్లకు అప్పు దొరుకుతుంది, బండి దొరుకుతుంది, రాత్రి దాన్ని పెట్టుకునే గోడ దొరకదు. కాంప్లెక్సు దగ్గర మూడు చక్రాల బండ్లకు నాలుగు సాకెట్లతో ఒక చార్జింగ్ చోటు కావాలని, కరెంటు ఖర్చు మేమే కడతామని అర్జీ రాశాం. సంతకాలు పూర్తయ్యాయి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తున్నాం. నా కరెంటు బిల్లు, వాయిదా కాగితం నకళ్లు దానికి జత చేశాను.